తీరిక వేళల నిర్వహణ విద్య

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో వరి పండించు కుటుంబములందు పుట్టిన బాలబాలికలకు ఒక సంగతి ఎవరును చెప్పకయే తెలియును. సంవత్సరమందలి దినములన్నియు ఒక్క తీరున నుండవు. నాట్లు పడు కాలమున ఇంటిలో ఎవరికిని ఊపిరి సలుపదు. కోతలు, నూర్పిళ్లు ముగిసి ధాన్యము ఇల్లు చేరిన పిమ్మట చేతినిండ తీరికయే. పూర్వము తోలుబొమ్మలవారును, హరిదాసులును, నాటక సమాజములవారును గ్రామములకు వచ్చుట ఆ తీరిక దినములలోనే. నాట్ల నడుమ నాటకమాడినచో చూచువారెవరు? ఏ జనులకు ఏ వేళ తీరిక దొరకునో, దానిని వారెట్లు గడపగోరుదురో, అందులకు ఎంత చోటు, ఎంత ధనము, ఎందరు మనుష్యులు కావలెనో ఆలోచించి ఏర్పాటు చేయుట ఒక విద్య. అమెరికా మొదలగు దేశముల విశ్వవిద్యాలయములలో ఈ విద్యకు ప్రత్యేక శాఖలు కలవు. అందు చదివినవారికి పట్టములు నిచ్చుచున్నారు. దానిని మనము వినోద నిర్వహణ విద్య యనియు, విరామకాల సేవల విద్య యనియు చెప్పుకొనవచ్చును.

“ఆడుకొనుటకు కూడ చదువు కావలెనా?” అని మీ తాతగారు నవ్వవచ్చును. ఆయన నవ్వులో తప్పు లేదు. ఆడుకొనుటకు చదువక్కరలేదు. విందులో భుజించుటకును చదువక్కరలేదు. కాని వేయిమందికి ఒక్కపూట, వేడి చల్లారకుండ, చివరి పంక్తివారికి పప్పు తక్కువ కాకుండ వడ్డింపించుటకు తెలిసినవాడు కావలెను. పెండ్లివారు అట్టివానిని వెదకి పిలిపించుకొందురు గదా! ఆటస్థలమునకును, గ్రంథాలయమునకును, నాటకశాలకును, ఉద్యానవనమునకును, జనులు స్నానమునకై చేరు సముద్రతీరమునకును అట్టివాడే కావలెను.

తెనాలి పట్టణమునకు ‘ఆంధ్రా ప్యారిస్’ అను ముద్దుపేరు కలదు. ఆ పట్టణపు కీర్తిలో నాటకమునకు పెద్ద పాలు చెందును. 1902లో బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావుగారు తెనాలిలోని శ్రీరామ విలాస సభ యను నాటక సమాజమున చేరి, స్త్రీపాత్రలు ధరించి, ఆంధ్రదేశమంతటను పేరు గాంచిరి. సత్యభామ వేషమున ఆయనను చూచినవారు ఆ రంగముపై నున్నది పురుషుడని మరచిపోయెడివారని పెద్దలు చెప్పుదురు. 1956లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుదము నొసగెను. ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టినదియు 1929లో ఈ తెనాలియందే. సురభి నాటక సమాజమునకు చెందిన వనారస గోవిందరావుగారు అందులకు పూనుకొన్నవారిలో ముఖ్యులు.

నటుల పేర్లు మనకు తెలియును. రంగస్థలము వెనుక నిలిచినవారి పేర్లు తెలియవు. రాత్రియంతయు సాగు నాటకమునకు దీపములు తెప్పించినదెవరు? దూరపు గ్రామములనుండి బండ్లమీద వచ్చినవారి ఎద్దులకు నీడ, నీరు చూపినదెవరు? స్త్రీలకు వేరుగ కూర్చుండుటకు చోటు చేసినదెవరు? వసూలైన రూకలలో నటులకెంత, తెరలవారికెంత, మరుసటి నాటకమునకు నిలువ యెంత అని లెక్క వ్రాసినదెవరు? 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామమున మొదలైన సురభివారి కుటుంబములలో ఈ పనులన్నియు ఇంటివారే పంచుకొనుచుండిరి. సాయంత్రము తెర కట్టిన చేతులే రాత్రి రాజదండమును పట్టెడివి. పిల్లలు చూచి నేర్చుకొనిరి. అందువలననే ఆ సమాజము ఇన్ని తరములు నిలిచినదని నా తలంపు. తక్కిన సమాజములలో పాటకును, అభినయమునకును గురువులుండిరి గాని నిర్వహణమునకు గురువులు లేకపోయిరి. తెలిసిన కార్యదర్శి ఒక్కడు కాలము చేసినచో ఆ తెలివియు అతనితోడనే పోవుచుండెను. సినిమా వచ్చి నాటకమును చంపినదని అందరు అందురు. అది సగము నిజము మాత్రమే.

ఈ ప్రాంతముననే మరియొక గొప్ప ప్రయత్నము జరిగినది. నా దృష్టిలో విరామకాల సేవ యను మాటకు దానిని మించిన ఉదాహరణము లేదు. 1855లో బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైన పిమ్మట పడమటి డెల్టాలో కాలువలు విస్తరించెను. ఆ కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక బాటలుగా కూడ నుండెడివి. ధాన్యము, సరకులు, మనుష్యులు పడవలమీద సాగిపోవుచుండిరి. పడవవారు గట్టుమీద నడచుచు త్రాటితో పడవను లాగుచుండెడివారు. గంటకు కొలది మైళ్ల ప్రయాణము. ప్రయాణికునకు దారిపొడవునను తీరికయే.

పాతూరి నాగభూషణముగారు గ్రంథాలయోద్యమమున జీవితమును ధారపోసిన మహనీయులు. 1935లో ఆయన పూనికతో పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువపై పడవ గ్రంథాలయము నడచెను. కొల్లూరు రేపల్లెకు సమీపమందలి గ్రామము. పుస్తకములు నింపిన పెట్టెలు పడవలో నుండెడివి. కాలువ గట్టుననున్న గ్రామములవారికి గ్రంథాలయము వారి రేవునకే వచ్చెను. అంతకు మునుపు పుస్తకము కావలసినవాడు పట్టణమునకు పోవలెను, లేదా ఊరి పెద్దింటివారిని బ్రతిమాలుకొనవలెను.

దీనిలోని నేర్పును జాగ్రత్తగా గమనింపుడు. ఆయన క్రొత్త భవనము కట్టింపలేదు. క్రొత్త బాట వేయింపలేదు. జనులు ఎచట నుందురో, ఏ దారిని పోవుదురో, ఎచట వారికి తీరిక చిక్కునో చూచిరి. ఆ చోటికి పుస్తకమును పంపిరి. నేడు విశ్వవిద్యాలయములలో మూడేండ్లు, నాలుగేండ్లు బోధించు పాఠములలో మొదటి పాఠము ఇదియే. సేవను పొందవలసినవాడు మన గుమ్మమునకు వచ్చునని కూర్చుండరాదు. అయితే పడవకు హద్దులు కూడ కలవు. వేసవిలో కాలువలు కట్టివేయుదురు. రైతునకు నిండుగ తీరిక దొరకు దినములలోనే పడవ కదలదు! నేర్పరియైన నిర్వాహకుడు అట్టి చిక్కును ముందుగ చూచి, ఎండకాలమునకు బండినో, సంచినో సిద్ధపరుపవలసి యుండును.

ఈ విద్య విశ్వవిద్యాలయముల వరకు ఎట్లు వచ్చినదో కొంచెము చెప్పుదును. 1885లో అమెరికాలోని బోస్టన్ నగరమున బీదవారి పిల్లల కొరకు ఒక చోట ఇసుక పోయించిరి. జర్మనీలోని బెర్లిన్ నగరమున అట్టి ఇసుక తోటలను చూచిన ఒక వైద్యురాలు ఆ సలహా వ్రాసి పంపెను. ఇరుకు సందులలో బండ్ల నడుమ ఆడుకొను పిల్లలు ఆ ఇసుకలో గుడులు కట్టుకొనుట నేర్చిరి. చిత్రమేమనగా, ఇసుక పోయుట ఒక్క దినపు పని. ఆ పిల్లలను కనిపెట్టుకొని యుండు మనుష్యులు లేనిచో ఆ చోటు నిలువదని త్వరలోనే తేలినది. 1906లో అమెరికా ఆటస్థలముల సంఘము ఏర్పడెను. ఆటస్థలములు పెరిగిన కొలది వానిని నడుపువారికి శిక్షణ కావలసి వచ్చెను. 1937లో మిన్నెసోటా విశ్వవిద్యాలయము ఈ విషయమున పట్టము నొసగు చదువును ప్రారంభించెను. రెండవ ప్రపంచయుద్ధమున గాయపడి ఆస్పత్రులలో నెలల తరబడి పడియున్న సైనికులకు ఆటపాటల ద్వారా కోలుకొను బలము నిచ్చు పద్ధతులు వృద్ధినొందెను. ఆ పిమ్మట అదియు ఈ విద్యలో నొక శాఖయైనది.

మన దేశమున మాత్రము ఇట్టి ప్రయత్నములు లేవా? మద్రాసులో 1920లో హారీ క్రో బక్ అను ఆయన వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించెను. డ్రిల్లు మాష్టరు అనగా బెత్తము పట్టినవాడు మాత్రమే కాదనియు, ఆట నేర్పు ఉపాధ్యాయుడనియు దేశమునకు తెలిసినది అట్టి సంస్థల వలననే. ఆ మద్రాసులోనే గణితోపాధ్యాయుడైన రంగనాథన్‌గారు 1924లో విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారియై, లండను వెళ్లి ఆ పని నేర్చుకొని వచ్చి, 1929లో గ్రంథాలయ శిక్షణమును ప్రారంభింపజేసిరి. పుస్తకములు బీరువాలో పెట్టుటకు శాస్త్రమేమిటని ఆ దినములలో నవ్వినవారుండిరి. 1935 నాటికి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కూడ ఆ శాస్త్రమును బోధింపసాగెను. నేడు ఆ చదువును చూచి ఎవరును నవ్వరు.

ఇక ఈ విద్యలో చేరినవారు ఏమి నేర్తురు? మనుష్యుల మనస్తత్వమును గూర్చి కొంత చదువుదురు. పసివాడు ఏల ఆడును, వృద్ధుడు ఏల ముచ్చటలాడగోరును అను ప్రశ్నలందు వచ్చును. ఉద్యానములు, ఆటస్థలములు ఎట్లు రూపొందింపవలెనో నేర్తురు. జమాఖర్చులు, చట్టములు, ప్రథమ చికిత్స నేర్తురు. ఈ పట్టీ చదువుటకు విసుగుగా నుండును గావున ఒక చోటిని తీసికొని చూతము.

బాపట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరమున సూర్యలంక సముద్రతీరము కలదు. కార్తిక మాసమున, అందును పున్నమినాడు, స్నానమునకై అచటికి వేలకొలది జనులు వత్తురు. ఆ ఉదయము నాలుగు గంటల కాలములో 2,400 మంది స్త్రీలు స్నానము చేసిరనుకొనుడు. తడిబట్టలు మార్చుకొనుటకు ఒక్కొక్కరికి 5 నిమిషములు పట్టుననుకొందము. ఒక్క గదిలో గంటకు 12 మంది, నాలుగు గంటలలో 48 మంది మార్చుకొనగలరు. కావున 50 గదులుండవలెను. ఆరు గదులు కట్టించి ఫలకము వ్రేలాడదీసినచో 288 మందికి మాత్రమే చోటు దొరకును. తక్కిన 2,112 మంది తడిబట్టలతోనే బస్సెక్కవలసి వచ్చును. వారిలో ననేకులు మరుసటి యేడు రారు. అప్పుడు “మన స్త్రీలకు విహారములయందు ఆసక్తి లేదు” అని ఎవరో వ్రాయుదురు. ఇది ఎనిమిదవ తరగతి లెక్కయే గాని, ఈ లెక్క వేయువాడొకడు ముందుగ నుండవలెను. ఏకకాలమున గదులన్నియు కట్టనక్కరలేదు; పండుగనాటికి తడికెలతో తాత్కాలికముగ నిలుపవచ్చునను ఉపాయము కూడ అతనికే తోచును. తప్పిపోయిన పిల్లలను చేర్చుటకు ఒక పందిరి, త్రాగునీరు, మరుగుదొడ్లు, ఆంబులెన్సు కదలుటకు దారి, ఇవన్నియు అతని చీటీలో నుండును.

అన్నిటికంటె ముఖ్యమైనది ప్రాణరక్షణము. ప్రతి సంవత్సరము మన సముద్రతీరములలో స్నానమునకు దిగిన యువకులు కొందరు మునిగిపోవుచున్నారు. వారిలో ఈత వచ్చినవారును కలరు. దీనికి కారణమేమి? అలలు తెచ్చిన నీరు ఒడ్డున నిలిచియుండదు. తిరిగి సముద్రములోనికి పోవలెను. ఒక్కొక్కచోట ఆ నీరంతయు ఇరుకైన పాయగా కూడి మిక్కిలి వేగముతో లోనికి లాగుకొనిపోవును. ఆ పాయమీద అలలు తక్కువగా విరుగును గావున పైకి చూచుటకు ఆ చోటే ప్రశాంతముగ కనబడును. తెలియనివాడు అచటనే దిగును. లాగివేయబడినవాడు భయపడి ఒడ్డునకు ఎదురీది అలసిపోవును. ఎదురీదక, ఒడ్డునకు సమాంతరముగ ప్రక్కకు ఈదినచో ఆ పాయ నుండి బయటపడవచ్చును. ఆపై అలలే ఒడ్డు చేర్చుటకు తోడ్పడును. ఈత రానివాడు వెలికిలబడి నీటిమీద తేలుచు చేయెత్తి పిలువవలెను. ఈ పాయలు నేడున్నచోట రేపుండవు. కనుక ప్రతి ఉదయమును నీటిని పరికించి, జెండాలు పాతి, ఈ దినము ఇచట దిగవచ్చును, అచట దిగరాదు అని నిర్ణయించు శిక్షితుడొకడు తీరమున నుండవలెను. ప్రమాదమని వ్రాసిన బల్ల ఒక్కటి చాలదు. అది సంవత్సరమంతయు ఒక్క మాటయే చెప్పును; సముద్రము దినమునకొక మాట చెప్పును.

ఈ విద్యలో నాకు మిక్కిలి నచ్చినది మరియొకటి కలదు. అది వచ్చినవారిని గాక, రానివారిని లెక్కించుట. నేను పనిచేసిన ఒక పాఠశాలలో విశాలమైన ఆటస్థలముండెను. సాయంత్రము గంట కొట్టిన పిదప బాలురు నిండుగ ఆడుకొనుచుండిరి. బాలిక ఒక్కతెయు కనబడదు. సిగ్గు వలననని ఊరివారును, ఉపాధ్యాయులలో ననేకులును సరిపెట్టుకొనిరి. క్రొత్తగా వచ్చిన వ్యాయామోపాధ్యాయురాలు ఒక వారము దినములు చిన్న పుస్తకము చేతబట్టి, ఏ బాలిక ఏ వేళ ఎచటికి పోవుచున్నదో వ్రాసికొనెను. సంగతి తేలినది. పొరుగు గ్రామములకు పోవు బస్సు గంట కొట్టిన పది నిమిషములకే బయలుదేరును. అది తప్పినచో చీకటి పడువరకు మరియొకటి లేదు. సిగ్గునకును దీనికిని సంబంధము లేదు! ఆటల వేళను చివరి గంటకు ముందునకు మార్చిన మరుసటి వారమే బాలికలు కబడ్డీ గిరి గీసికొనిరి. అంతవరకు వారి ఆటను హరించినది ఒక బస్సు వేళల పట్టిక.

ఆటయు, విశ్రాంతియు ధనికుల విలాసములు కావు. 1948లో ఐక్యరాజ్యసమితి ప్రకటించిన మానవహక్కులలో విశ్రాంతికిని, తీరికకును ప్రతి మనుష్యునకు హక్కు కలదని 24వ అధికరణమున చెప్పబడినది. అదే సంవత్సరమున మన దేశమున చేయబడిన ఫ్యాక్టరీల చట్టము కార్మికునకు వారమునకొక సెలవు దినమును విధించినది. పిల్లల హక్కుల ఒడంబడికను 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదింపగా, 1992లో భారతదేశము అందు చేరెను. పిల్లలు ఆడుకొనుట ఆ ఒడంబడికలో హక్కుగా నున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము పాఠశాలకు ఆటస్థలము నుండవలెనని చెప్పుచున్నది. హక్కు కాగితముమీద నున్నది. ఖాళీ స్థలము ఎవరిదో యగుచున్నది. తీరిక వేళలను నేడు చేతిలోని ఫోనే మ్రింగివేయుచున్నదని పెద్దలు చింతించుచున్నారు. పిల్లవాడు బయటికి వచ్చినచో పోవుటకు చోటేదియని ఆ పెద్దలను నేనడుగుచుందును.

మన ప్రాంతపు విద్యార్థి ఈ దారిని పోగోరినచో ఏమి చేయవలెను? మన దేశమున ఈ విద్య ముక్కలుగా పంచబడియున్నది. ఆటలయందు అభిరుచి కలవారు వ్యాయామ విద్యా కళాశాలలలో చేరవచ్చును. నాటకమున అభిరుచి కలవారికి విశాఖపట్టణమందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోను, హైదరాబాదు విశ్వవిద్యాలయములోను రంగస్థల కళల శాఖలు కలవు. గ్రంథాలయ శాస్త్రము అనేక విశ్వవిద్యాలయములలో నున్నది. కేంద్ర ప్రభుత్వ పర్యాటక శాఖకు చెందిన భారతీయ పర్యాటక, ప్రయాణ నిర్వహణ సంస్థ 1983లో ఏర్పడినది. గ్వాలియరు దానికి ముఖ్యస్థానము. నెల్లూరులో దాని కేంద్రమొకటి కలదు. చదివినవారు పర్యాటక వసతిగృహములలోను, క్రీడాప్రాంగణములలోను, ఉద్యానవనములలోను, వృద్ధాశ్రమములలోను, పునరావాస కేంద్రములలోను పనిచేయుదురు. జీతము మొదట ఎక్కువగా నుండదు. పండుగనాడు అందరికిని సెలవు, వీరికి మాత్రము పని. ఇది ముందుగనే తెలిసికొని చేరుట మేలు. ఇంటిలో పెద్దలను ఒప్పించుట వేరొక పరీక్ష.

పైన చెప్పిన సంస్థకే చెందిన జాతీయ జలక్రీడల సంస్థ గోవాలో నున్నది. సముద్రతీరములలో ప్రాణరక్షకులుగా పనిచేయగోరువారికి అచట శిక్షణ నిత్తురు. అట్టి పనికి ఈత బాగుగా వచ్చియుండవలెనని వేరుగ చెప్పనక్కరలేదు. కొల్లూరు, రేపల్లె కాలువ గట్ల మీద పెరిగిన పిల్లలు ఒకప్పుడు నడక వచ్చిన కొన్నాళ్లకే ఈత నేర్చెడివారు. నేడు ఆ గట్ల మీదనే ఈత రాని పిల్లలు అనేకులున్నారు. కాలువలో నీరు వదలిన వెంటనే, పెద్దవారెవరైనను దగ్గర నిలిచియుండగా, ఈ యేడే మొదలుపెట్టవచ్చును.